స్పానిష్ సందేహాలు: మన లక్షలు, వాళ్ల మియోనెస్

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అంకెల గురించే. వంద దాకా దాదాపు అందరికీ వచ్చేసింది. వంద దాటి వేలు, లక్షలు రాగానే టెన్షన్ మొదలవుతోంది. అందుకని ఈసారి కాలమంతా పెద్ద సంఖ్యలకే కేటాయిస్తున్నాను. స్పానిష్ మాటలను లాటిన్ అమెరికా పలుకుబడి ప్రకారం తెలుగు లిపిలో రాస్తున్నాను. స్పెయిన్‌లో చాలాచోట్ల సింకో, సియెన్ లాంటి మాటల్లోని ‘స’ను నాలుక పళ్ల మధ్య పెట్టి ‘థ’కు దగ్గరగా పలుకుతారు. మాట మాత్రం అదే.

ప్రశ్న: అక్కా, మాది ఉండి దగ్గర పల్లెటూరండి. పన్నెండు ఎకరాల్లో వనామీ రొయ్య వేస్తున్నాం. ఈక్వడార్ రైతుల వీడియోలు రోజూ చూస్తాను. మేత, ఏరేటర్లు, నీళ్ల గురించి చెప్పేది బొమ్మ చూసి కొంత పోల్చుకుంటున్నాను గానీ అంకె వచ్చేసరికి ఆగిపోతున్నాను. మొన్న ఒకాయన చెరువు గట్టు మీద నిలబడి ‘సియెంతో వేయింతే మిల్ లార్వాస్ పోర్ ఎక్తారెయా’ అన్నాడు. అది ఎంత? వాళ్లకు లక్ష, కోటి అనే మాటలే లేవా?
– ఆక్వా రైతు, ఉండి మండలం

జవాబు: తమ్ముడూ, ముందు నీ చెరువు లెక్క చూద్దాం. సియెంతో వేయింతే అంటే నూట ఇరవై. మిల్ అంటే వెయ్యి. నూట ఇరవై వేలు, అంటే మన లక్షా ఇరవై వేల రొయ్య పిల్ల. అది హెక్టారుకి. హెక్టారు దాదాపు రెండున్నర ఎకరాలు (సరిగ్గా చెప్పాలంటే 2.47) కాబట్టి ఆయన ఎకరానికి వేసింది సుమారు 48,600. వాళ్లు చాలాచోట్ల పెద్ద పెద్ద చెరువుల్లో పల్చగా వేస్తారు. మన దగ్గర 2009లో వనామీకి అనుమతి ఇచ్చినప్పుడు పెట్టిన పరిమితి చదరపు మీటరుకు 60. హెక్టారుకి లెక్క కడితే ఆరు లక్షలు, వాళ్ల మాటలో ‘సేయిసియెంతాస్ మిల్’. ఆ వీడియోలో చెప్పిన మేత లెక్కను నీ చెరువుకి వాడాలంటే ముందు ఈ తేడా గమనించుకోవాలి. అంకె సరిగ్గా అర్థం కాకపోతే మిగతా సలహా అంతా తప్పుదారి పట్టిస్తుంది. అందుకే నీ ప్రశ్నకి మొదటి చోటు ఇచ్చాను.

లక్ష, కోటి అనే మాటలు వాళ్లకు లేవు. వెయ్యికి మిల్ ఉంది, పది లక్షలకు మియోన్ ఉంది. మధ్యలో ఉన్నదంతా మిల్‌తోనే నడుపుతారు. లక్ష అంటే వంద వేలు, సియెన్ మిల్. పది లక్షలు ఉన్ మియోన్. కోటి అంటే పది మియోన్లు, దియేస్ మియోనెస్. పది కోట్లు సియెన్ మియోనెస్. వంద కోట్లు మిల్ మియోనెస్. ఈ ఐదూ ఒక కాగితం మీద రాసి మోటారు షెడ్డు గోడకి అంటించుకో. మిగతావన్నీ వీటి మధ్యలో నువ్వే కట్టుకోగలవు.

ఇక నేను గట్టిగా నమ్మే మాట ఒకటి చెబుతాను. స్పానిష్ అంకెలు నేర్చుకునేటప్పుడు ఇంగ్లీషును మధ్యలోకి తేవద్దు. తెలుగు నుంచి నేరుగా వెళ్లు. మనం ఉత్తినే వంద అంటాం, తర్వాత ఏదైనా కలిస్తే నూట అంటాం. వంద, నూట ఒకటి, నూట ఇరవై. వాళ్లదీ ఇదే పద్ధతి. ఒంటిగా ఉంటే సియెన్, ఏదైనా కలిస్తే సియెంతో. సియెంతో ఉనో, సియెంతో వేయింతే. నూటికీ ఐదుకీ మధ్య మనం ‘మరియు’ పెట్టం, వాళ్లూ పెట్టరు. వెయ్యిని మనం ‘ఒక వెయ్యి’ అనకుండా వెయ్యి అనేస్తాం, వాళ్లూ ఉత్తి మిల్ అంటారు. పెళ్లిలో చదివించే వెయ్యి నూట పదహార్లు తీసుకో: మిల్ సియెంతో దియెసిసేయిస్. వెయ్యి, నూట, పదహారు, అదే వరస. ఇంగ్లీషు ద్వారా వెళ్లినవాళ్లు ‘ఉన్ మిల్’ అని ఒకసారి, ‘సియెంతో ఇ సింకో’ అని ఒకసారి తడబడతారు. తెలుగు ద్వారా వెళ్తే ఆ తప్పులు దగ్గరికే రావు.

ఒక్క తేడా ఉంది. మిల్‌కు ముందు ఉన్ రాదు గానీ మియోన్‌కు ముందు తప్పకుండా రావాలి. ఉన్ మియోన్ అనాలి, ఉత్తి మియోన్ అనకూడదు.

పెద్ద సంఖ్య వస్తే ఎలా చదవాలో చెబుతాను. సంఖ్యను అంకెల్లో రాసుకో. మన కామాలు తీసేయి. కుడి చివర నుంచి మూడేసి అంకెలకు ఒక చిన్న గీత పెట్టు. కుడి నుంచి లెక్కపెడితే మొదటి గీత దగ్గర మిల్, రెండో గీత దగ్గర మియోన్, మూడో గీత దగ్గర మళ్లీ మిల్. ఇప్పుడు ఎడమ నుంచి చదువు. ఒక్కో ముక్కలో ఉన్నది వెయ్యి లోపు సంఖ్యే కాబట్టి భయపడేది ఏమీ ఉండదు. నీ చెరువుల్లో మొత్తం పన్నెండు లక్షల పిల్ల వేశావనుకో. మనం 12,00,000 అని రాస్తాం. కామాలు తీసి మూడేసి విడదీస్తే 1, 200, 000. ఉన్ మియోన్ దోస్సియెంతాస్ మిల్ లార్వాస్. దోస్సియెంతోస్ అనకుండా దోస్సియెంతాస్ ఎందుకు అన్నానో కింద అమలాపురం అమ్మాయికి రాసిన జవాబులో ఉంది, అది కూడా చదువు.

మూడో గీత దగ్గర మిల్ మళ్లీ రావడం చాలామందికి వింతగా అనిపిస్తుందట. మనకి అనిపించకూడదు. కోటి దాటాక మనం కొత్త మాట వెతుక్కోం. వంద కోట్లు, వెయ్యి కోట్లు, లక్ష కోట్లు అని పాత మాటలనే మళ్లీ వాడుకుంటాం. వాళ్లు మియోన్ దాటాక దియేస్ మియోనెస్, సియెన్ మియోనెస్, మిల్ మియోనెస్ అంటారు. పద్ధతి ఒకటే.

మాట వరసకి, ఈక్వడార్ వాళ్ల ఎగుమతి వార్తలు వింటే అంకె ఎక్కువగా పౌండ్లలో ఉంటుంది. పౌండును లిబ్రా అంటారు. ‘మిల్ మియోనెస్ దె లిబ్రాస్’ అని వినిపిస్తే వంద కోట్ల పౌండ్లు, అంటే దాదాపు నాలుగున్నర లక్షల టన్నులు. 2022లో ఆ దేశం రొయ్యల ఎగుమతి పది లక్షల టన్నులు దాటింది. ‘మాస్ దె ఉన్ మియోన్ దె తోనెలాదాస్’ అని చదువుతారు. మనతో పోటీ పడే వాళ్ల లెక్క వాళ్ల నోటి నుంచే విని అర్థం చేసుకోగలగడం రైతుకి చాలా ఉపయోగం. నువ్వు ఆ పనిలో ఉన్నందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది.

ప్రశ్న: మేడమ్, నేను కాకినాడలో ఎగుమతి డాక్యుమెంట్ల పనిలో కొత్తగా చేరాను. స్పెయిన్ కొనుగోలుదారు పంపిన కాగితంలో నికర బరువు 18.144,00 అని ఉంది. మెక్సికో నుంచి వచ్చిన కాగితంలో అదే రకం బరువు 18,144.00 అని ఉంది. రెండూ స్పానిష్ దేశాలే కదా, ఏది కరెక్టు? మా సీనియర్ ‘చుక్క కనపడితే కామా అనుకో’ అన్నారు. అది సరిపోతుందా?
– కాకినాడ నుంచి ఒక ఉద్యోగి

జవాబు: మీ సీనియర్‌గారు చెప్పింది స్పెయిన్ కాగితానికి సరిపోతుంది, మెక్సికో కాగితానికి సరిపోదు. అందుకే దాన్ని సూత్రంగా పెట్టుకోకండి.

స్పెయిన్, అర్జెంటీనా, చిలీ, కొలంబియా దేశాల్లో వేలను విడదీయడానికి చుక్క, దశాంశానికి కామా పెట్టడం పాత అలవాటు. మెక్సికో, గ్వాటెమాలా, డొమినికన్ రిపబ్లిక్ దేశాల్లో వేలకు కామా, దశాంశానికి చుక్క. అంటే మనలాగే, కాకపోతే మూడేసి అంకెలకు. రెండూ వాళ్ల వాళ్ల దేశంలో సరైనవే. ఇది చాలదన్నట్టు స్పానిష్ అకాడమీ వాళ్లు 2010లో తెచ్చిన వర్ణక్రమ నియమాల్లో, వేల దగ్గర చుక్కా వద్దు, కామా వద్దు, చిన్న ఖాళీ వదలండి అని రాశారు. దశాంశానికి చుక్కయినా కామా అయినా ఒప్పుకున్నారు. నాలుగంకెల సంఖ్యకు ఖాళీ కూడా అక్కర్లేదు, 2458 అని కలిపి రాయమన్నారు. సంవత్సరాలకీ, పేజీ నంబర్లకీ, పిన్ కోడ్లకీ ఎప్పుడూ ఏదీ పెట్టకూడదు. కొత్తగా అచ్చయిన పుస్తకాల్లో ఖాళీ కనిపిస్తుంది. వ్యాపార కాగితాల్లో మాత్రం ఇంకా చుక్కలు, కామాలే ఎక్కువ.

మీ ముందున్న సంఖ్య మంచి ఉదాహరణ. 18,144 కిలోలంటే నలభై వేల పౌండ్లు. మన వైపు నుంచి ఒక పెద్ద రీఫర్ (శీతల) కంటైనర్‌లో వెళ్లే సరుకుకి ఇది బాగా పరిచయమైన బరువు. చివర రెండు సున్నాలు లేకుండా ఉత్తి 18.144 అని ఉంటే, అలవాటు లేని కళ్లకు అది పద్దెనిమిది కిలోల నూట నలభై నాలుగు గ్రాములు. రెండంకెల దశాంశం ఉన్నంత వరకు మనిషి పోల్చుకుంటాడు. చుక్క తర్వాత సరిగ్గా మూడంకెలు ఉన్నప్పుడే ప్రమాదం. బరువులు మూడు దశాంశాల దాకా రాసే కాగితాలు కూడా ఉంటాయి కాబట్టి, అలాంటి సంఖ్య కనిపిస్తే ఒక్క క్షణం ఆగి కార్టన్ల సంఖ్యతో, కార్టన్ బరువుతో గుణించి చూడండి. నేను ఎగుమతి కాగితాల పనిలో ఉన్నన్నాళ్లూ ఈ గుణకారం చేయకుండా ఏ కాగితాన్నీ ముందుకి పంపలేదు. ఎక్సెల్‌లో కూడా కంప్యూటర్ ఏ దేశం సెట్టింగులో ఉందో చూసుకోండి. స్పెయిన్ వాళ్లు పంపిన సీఎస్‌వీ (ఉత్తి అక్షరాల) ఫైలును మన సెట్టింగులో తెరిస్తే కొన్ని గడులు సంఖ్యలుగా కాక అక్షరాలుగా మారిపోయి, మొత్తంలో కలవకుండా పోతాయి. మొత్తం తక్కువ వస్తుంది, ఎందుకో తెలియదు.

వాళ్లు డబ్బు మొత్తాన్ని అక్షరాల్లో కూడా రాస్తారు. అక్కడే మీకు అసలైన రక్ష. మనం ‘రూపాయలు పన్నెండు వేల ఐదు వందలు మాత్రమే’ అని రాసినట్టు, లాటిన్ అమెరికా ఇన్వాయిసుల్లో ‘సోన్’ అని మొదలుపెట్టి మొత్తాన్ని మాటల్లో రాస్తారు. సెంట్లను మాత్రం భిన్నంగా వేస్తారు. 12,500 డాలర్ల 50 సెంట్లు అయితే ‘దోసే మిల్ కినియెంతోస్ కోన్ 50/100 దోలారెస్’. ఆ 50/100 చూసి కొత్తవాళ్లు లెక్కలో ఏదో తేడా ఉందనుకుంటారు. అది వందలో యాభై, అంటే యాభై సెంట్లు, అంతే. చుక్క, కామా ఎలా ఉన్నా ఈ మాటల వరస చదవడం వస్తే మీరు మోసపోరు. అందుకే దోసే, కినియెంతోస్ లాంటి మాటలను చదవడం మాత్రమే కాదు, చేత్తో రాయడం కూడా నేర్చుకోండి.

మీరు వాళ్లకు పంపే కాగితంలో మాత్రం 12,50,000 అని మన పద్ధతిలో కామాలు పెట్టకండి. రెండంకెల తర్వాత కామా చూస్తే వాళ్లకు ఏదో అంకె ఎగిరిపోయిందని అనుమానం వస్తుంది. చేత్తో రాస్తే ఏడు మధ్యలో చిన్న అడ్డగీత కొట్టండి. స్పెయిన్‌లో చాలామంది ఒకటిని పైన కొక్కెం పెట్టి రాస్తారు, గీత లేని ఏడు వాళ్లకు ఒకటిలా కనిపిస్తుంది.

ప్రశ్న: మాది అంతర్వేది. నేను సరుకు ఓడ మీద పని చేస్తాను. మా ఓడలో పెరూ వాళ్లు, చిలీ వాళ్లు ఉన్నారు. వాకీటాకీలో అరవై, డెబ్బై తేడా వినిపించి చావదు. ఏం చేయాలి?
– ఒక నావికుడు

జవాబు: సెసెంతా అరవై, సెతెంతా డెబ్బై. మధ్యలో స, త మాత్రమే తేడా. ఇంజన్ హోరులో పుట్టుకతో స్పానిష్ వాళ్లకే పొరపాటు జరుగుతుంది, అందుకని నీ చెవిని అనుమానించకు బాబూ. అంకెలు విడివిడిగా చెప్పించుకో: సేయిస్ సెరో, సియెతే సెరో. ఇంకో జంట కూడా ఉంది. దోస్ మిల్ రెండు వేలు, దోసే మిల్ పన్నెండు వేలు. త్రేస్ మిల్, త్రేసే మిల్ కూడా అంతే. పని మీద ఉన్నప్పుడు ఆరు రెట్ల దాకా తేడా పడగలిగిన అంకెను తిరిగి చెప్పి, అవతలి మనిషి ‘సీ’ అన్నాకే చేయి వెయ్యి. అలా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ప్రశ్న: టీచర్‌గారూ, నేను డిగ్రీ చివరి సంవత్సరం. వచ్చే ఏడాది స్పెయిన్‌లో పీజీ చేయాలని దేలే (స్పానిష్ భాషా సామర్థ్య) పరీక్షకు చదువుతున్నాను. సంఖ్యలను అక్షరాల్లో రాయమంటే ఎక్కడ కలిపి రాయాలో, ఎక్కడ విడదీయాలో, ‘ఇ’ ఎక్కడ పెట్టాలో గందరగోళంగా ఉంది. పైగా ఒకచోట దోస్సియెంతోస్, ఇంకోచోట దోస్సియెంతాస్!
– విద్యార్థిని, అమలాపురం

జవాబు: ముప్పై వరకు ఏ సంఖ్య అయినా ఒకే మాట. దియెసిసేయిస్ కలిపే, వేయింతిదోస్ కలిపే. ముప్పై ఒకటి నుంచి తొంభై తొమ్మిది దాకా, నలభై, యాభై లాంటి నిండు పదులు తప్ప, మూడు ముక్కలు: త్రేయింతా ఇ ఉనో, నొవెంతా ఇ నుయేవే. ఇలాంటివి కలిపి ఒకే మాటగా రాయడాన్ని కూడా అకాడమీ ఇప్పుడు ఒప్పుకుంటోంది గానీ వాడుకలో విడిగా రాయడమే ఎక్కువ, పరీక్షలో అలాగే రాయి. ‘మరియు’ అనే అర్థమిచ్చే ఈ ‘ఇ’ పదుల స్థానానికీ ఒకట్ల స్థానానికీ మధ్య మాత్రమే వస్తుంది. వందల తర్వాత రాదు, వేల తర్వాత రాదు. 2,005 అంటే దోస్ మిల్ సింకో. 1,047 అంటే మిల్ క్వారెంతా ఇ సియెతే.

వందలు కలిపే రాస్తారు. క్వాత్రోసియెంతోస్, ఓచోసియెంతోస్ తేలిక, ముందు అంకె ఉంది, వెనక వందలు ఉన్నాయి. మూడింటిని మాత్రం కంఠస్థం చేయాల్సిందే. ఐదు వందలు కినియెంతోస్, ఏడు వందలు సెతెసియెంతోస్, తొమ్మిది వందలు నొవెసియెంతోస్. సింకోసియెంతోస్, సియెతేసియెంతోస్, నుయేవేసియెంతోస్ అని రాసిన జవాబు పత్రాలు నేను చూస్తూనే ఉంటాను. వేలను విడిగా రాయాలి, దోస్ మిల్, త్రేస్ మిల్ అని.

స్వర చిహ్నం మర్చిపోకు. పదహారు, ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై ఆరు, వీటి చివర వచ్చే ‘ఎ’ లేదా ‘ఒ’ మీద గీత ఉంటుంది. మియోన్‌కు ఉంటుంది, బహువచనం మియోనెస్ కాగానే పోతుంది. ఇక్కడ మార్కులు ఊరికే పోతాయి.

ఇక లింగం. తెలుగులో మనుషులైతే ఇద్దరు, ముగ్గురు అంటాం, వస్తువులైతే రెండు, మూడు అంటాం. లెక్కపెట్టేది ఏమిటో చూసి అంకె రూపం మార్చుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటే. స్పానిష్‌లో మనిషా వస్తువా అని కాకుండా, ఆ నామవాచకం పుంలింగమా స్త్రీలింగమా అని చూస్తారు. డాలర్ పుంలింగం: దోస్సియెంతోస్ దోలారెస్. టన్ను స్త్రీలింగం: దోస్సియెంతాస్ తోనెలాదాస్. ఈ మార్పు రెండు వందల నుంచి తొమ్మిది వందల దాకా ఉన్న మాటలకు, ‘ఉనో’కు మాత్రమే. సియెన్, సియెంతో, మిల్ మారవు.

మధ్యలో మిల్ వచ్చినా ఈ లింగం దాన్ని దాటుకుని వెళ్తుంది. ఐదు లక్షల టన్నులు: కినియెంతాస్ మిల్ తోనెలాదాస్. కానీ మియోన్ దగ్గర ఆగిపోతుంది. ఎందుకంటే మియోన్ మిల్‌లాగా విశేషణం కాదు, అది స్వయంగా పుంలింగ నామవాచకం. ముందున్న సంఖ్య దానితోనే కలుస్తుంది. ఇరవై కోట్ల టన్నులు రాయాలంటే దోస్సియెంతోస్ మియోనెస్ దె తోనెలాదాస్. మధ్యలో వచ్చిన ‘దె’ చూశావా? అదీ మియోన్ నామవాచకం కావడం వల్లే వచ్చింది. అయితే మియోన్ తర్వాత ఇంకా అంకె మిగిలి ఉంటే ‘దె’ పోతుంది, లింగం మళ్లీ మేలుకుంటుంది. పది లక్షల టన్నులు ‘ఉన్ మియోన్ దె తోనెలాదాస్’. పదిహేను లక్షల టన్నులు ‘ఉన్ మియోన్ కినియెంతాస్ మిల్ తోనెలాదాస్’. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన రాసుకుని పైకి చదువు. పెద్ద సంఖ్యల వ్యాకరణంలో కష్టమైన భాగమంతా వీటిలోనే ఉంది. ఇంతకంటే లోతు లేదు, ధైర్యంగా ఉండు.

‘ఉనో’ గురించి కూడా ఒక ముక్క. పుంలింగ నామవాచకం ముందు, మిల్ ముందు అది ఉన్ అయిపోతుంది. వేయింతియున్ దోలారెస్, త్రేయింతా ఇ ఉన్ మిల్. స్త్రీలింగం ముందు ఉనా: వేయింతియునా తోనెలాదాస్.

సంవత్సరాలు చదివేటప్పుడు మాత్రం తెలుగు దారి వదిలెయ్. మనం పద్దెనిమిది వందల యాభై రెండు అంటాం. స్పానిష్‌లో పద్దెనిమిది వందలు అనడం ఉండదు, వెయ్యి నుంచే మొదలుపెట్టాలి. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852ను మిల్ ఓచోసియెంతోస్ సింక్వెంతా ఇ దోస్ అని చదవాలి.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన లెక్కల మాస్టారిని. స్పానిష్ పత్రికలు ఆన్‌లైన్‌లో అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవడం నా కాలక్షేపం. ‘బియోన్’ అంటే ఇంగ్లీషు బిలియనే అనుకుని చదివితే దేశాల బడ్జెట్లు అసాధ్యంగా కనిపిస్తున్నాయి.
– నరసాపురం

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీ అనుమానం సరైనది. ఇంగ్లీషు బిలియన్ వంద కోట్లు, ఒకటి పక్కన తొమ్మిది సున్నాలు. స్పానిష్ బియోన్ ఒకటి పక్కన పన్నెండు సున్నాలు. మియోన్‌ను మియోన్‌తో గుణిస్తే వచ్చేది. మన భాషలో సరిగ్గా లక్ష కోట్లు. ఇంగ్లీషు ద్వారా వెళ్తే వెయ్యి రెట్ల తేడా వస్తుంది. తెలుగు నుంచి నేరుగా వెళ్తే బియోన్ అంటే లక్ష కోట్లు అని ఒక్క మాటతో తేలిపోతుంది. మన రాష్ట్ర బడ్జెట్ గురించి పేపర్లో లక్షల కోట్లలో చదివే మనకు ఈ కొలత కొత్త కాదు.

ఇంగ్లీషు బిలియన్‌కు స్పానిష్ పత్రికలు మిల్ మియోనెస్ అనే రాస్తాయి. ప్రపంచ జనాభా 800 కోట్లు చేరిందని 2022 నవంబరులో ఐక్యరాజ్యసమితి ప్రకటించినప్పుడు అక్కడి శీర్షికల్లో కనిపించిన మాట ‘ఓచో మిల్ మియోనెస్’. మియార్దో అనే మాట కూడా వంద కోట్లకు ఉంది. 1995లో అకాడమీ దాన్ని ఒప్పుకుంది, కానీ మాటల్లో పెద్దగా వినపడదు. ఒక్క జాగ్రత్త, అమెరికాలో అచ్చయ్యే స్పానిష్ పత్రికల్లోను, ప్యూర్టోరికోలోను బియోన్‌ను ఇంగ్లీషు అర్థంలో వాడేవాళ్లు ఉన్నారు. కాబట్టి పత్రిక ఏ దేశానిదో ముందు చూడండి. త్రియోన్ అంటే ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాలు. వార్తల్లో మీకు అది ఎదురు కావడం అరుదు.

సున్నాలంటే ఇష్టం కాబట్టి మీకు ఇంకొకటి. కొలంబియాలో 2016 నుంచి లక్ష పెసోల నోటు చలామణిలో ఉంది. దాని మీద పెద్ద అక్షరాల్లో ఐదు సున్నాలు వేయకుండా ‘100 మిల్ పెసోస్’ అని అచ్చు వేశారు. అక్కడ మామూలు జీతం కూడా మియోనెస్‌లో ఉంటుంది. పెద్ద అంకెలు వినే అలవాటు చేసుకోవాలంటే కొలంబియా మార్కెట్ల వీడియోలంత మంచి పాఠం లేదు.

ప్రశ్న: నేను రాజోలు దగ్గర హైస్కూల్లో టీచర్ని. సాయంత్రాలు ఆసక్తి ఉన్న పిల్లలకి స్పానిష్ కొంచెం చెబుతున్నాను. పెద్ద సంఖ్యలు అభ్యాసం చేయించడానికి పుస్తకంలోని సంఖ్యలు పిల్లలకి పట్టడం లేదు. ఏవి ఇవ్వమంటారు?

జవాబు: మీ పిల్లలకి బాగా తెలిసిన పెద్ద సంఖ్యలు గోదావరే ఇచ్చింది, టీచర్‌గారూ. జులై, ఆగస్టు నెలల్లో లంకల్లోని పిల్లలు క్యూసెక్కులు వింటూనే పెరుగుతారు. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, పదమూడు లక్షలకు రెండోది, పదిహేడు లక్షలకు మూడోది. ఆ మూడూ బోర్డు మీద రాయండి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, స్పానిష్‌లో ‘పియే కూబికో పోర్ సెగుందో’. ఇది పుంలింగం కాబట్టి లింగం గొడవ లేకుండా మొదలుపెట్టవచ్చు. మొదటి హెచ్చరిక ‘ఉన్ మియోన్ దె పియేస్ కూబికోస్ పోర్ సెగుందో’. రెండోది ‘ఉన్ మియోన్ త్రేసియెంతోస్ మిల్’, ఇక్కడ ‘దె’ పోయింది. మూడోది ‘ఉన్ మియోన్ సెతెసియెంతోస్ మిల్’, ఇక్కడ ఆ తలతిక్క ఏడు వందలు వచ్చింది. ఈ మూడింటితోనే సగం వ్యాకరణం అయిపోతుంది.

మొదటి హెచ్చరిక నీటిమట్టం 11.75 అడుగులు. దశాంశం చదవడం దాంతో నేర్పండి: ఓన్సే కోమా సెతెంతా ఇ సింకో పియేస్. మెక్సికో పద్ధతిలో అయితే కోమా బదులు పుంతో. నది పొడవు 1,465 కిలోమీటర్లు: మిల్ క్వాత్రోసియెంతోస్ సెసెంతా ఇ సింకో కిలోమెత్రోస్. డెల్టా ఆయకట్టు సుమారు పది లక్షల ఎకరాలు, అది పిల్లలే చెప్పగలరు.

1986 ఆగస్టు వరదలో ప్రవాహం ముప్పై ఐదు లక్షలు దాటింది. ఇళ్లలో తాతలు, నాయనమ్మలు ఆ రోజుల గురించి చెబుతారు. ఆ సంవత్సరాన్ని ‘మిల్ నొవెసియెంతోస్ ఓచెంతా ఇ సేయిస్’ అని, ఆ ప్రవాహాన్ని ‘త్రేస్ మియోనెస్ కినియెంతోస్ మిల్’ అని ఒకే వాక్యంలో పెట్టించండి. మూడంటే మూడు క్రియలు వస్తే చాలు, పిల్లలు తమ ఊరి కథను స్పానిష్‌లో చెప్పగలుగుతారు. నాకు తెలిసి భాష నిలబడేది అలాంటి వాక్యాలతోనే.

2022 జులైలో వచ్చిన వరద మీ పిల్లలు కళ్లతో చూసిందే. అప్పుడు 25,80,000 క్యూసెక్కుల దాకా వచ్చింది. దీనికి జవాబు నేను ఇక్కడ రాయడం లేదు. ముందు మన కామాలు చెరిపించండి, కుడి నుంచి మూడేసి గీతలు పెట్టించండి, తర్వాత ఒక్కొక్కరి చేత పైకి చదివించండి. అక్షరాల్లో రాసిన కాగితాలు ఈ నెలాఖరులోగా పత్రికకు పంపిస్తే ఒక్కొక్కటీ దిద్ది తిప్పి పంపుతాను.